పిచికారి ముక్కు

మా మిరపతోటను పురుగు తిన్నదని ఊళ్ళో అందరూ అన్నారు. పురుగు, పాపం, ఆకుల రసమే పీల్చింది. తోటను తిన్నవాడు భూషణం. వాడి పేరు తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చేతిలో పని పాడవుతుంది. ఇందాక రోట్లో పచ్చడి నూరుతూ తలుచుకున్నాను, ఉప్పు రెండుసార్లు వేశాను.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. బస్తరు ఇంకా రాజుగారి రాజ్యమే. మా ఊరు శబరి ఒడ్డున ఉండేది. వరద తీశాక ఏరు వదిలిపోయే ఒండ్రు నేలలో మిరప వేసేవాళ్ళం. ఆ నేల ఎవరి సొంతమూ కాదు, పటేలు అప్పయ్య ఎవరికి చూపిస్తే వాళ్ళది. ఆయన షరతు ఒక్కటే. వరుసగా రెండేళ్ళు పంట ఇంటికి రాకపోతే ఆ ముక్క ఇంకొకరికి పోతుంది. ముందటేడు నాటిన పది రోజులకే ఏరు మళ్ళీ పొంగి మొక్కా మట్టీ కలిపి ఊడ్చుకుపోయింది. కాబట్టి ఆ ఏడు మిరప పండితే మేము రైతులం, పండకపోతే కూలివాళ్ళం. మా ఆయన ఉప్పలయ్యకు అన్నం తింటున్నా అదే మాట, పడుకున్నా అదే మాట.

పక్క వాటా బిజ్జాది. బిజ్జా దొర్ల తెగ మనిషి, మా ఆయన ఈడువాడు. వాడి భార్య జోగి నన్ను అక్కా అని పిలిచేది, వట్టి పిలుపుకి కాదు. నాకు రెండో కాన్పులో నెలరోజులు మా ఇంట్లో వంట చేసింది ఆమే. రెండిళ్ళవాళ్ళం కలిసే నాటాం, కలిసే కలుపు తీశాం. ముందటేడు వరద వాళ్ళ వాటానూ వదల్లేదు. మా మెడమీద ఉన్న కత్తే వాళ్ళ మెడమీదా ఉంది.

మార్గశిరంలో మొక్కలు మోకాలెత్తు పెరిగి పూతకు వచ్చాక ముడత మొదలైంది. ఆకులు దోనెల్లాగా పైకి ముడుచుకున్నాయి. ఆకును తిప్పి అరచేతిలో దులిపితే నలుసంత పసుప్పచ్చ పురుగులు పాకేవి. బూడిద చల్లాం, వేపనీళ్ళు చల్లాం. అవి ఆకు మీద పడేవి, పురుగులు ఆకు కింద హాయిగా కాపురం చేసేవి.

అలాంటప్పుడు భూషణం దిగాడు.

వాడు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఠాణా ఊళ్ళో సర్కారు కొలువులో చేరిన పంటల గుమాస్తా. మడత నలగని ధోవతి, కాళ్ళకు బూట్లు, చేతిలో గొడుగు. జగదల్‌పూర్ నుంచి వచ్చిన ఇత్తడి పిచికారి మాత్రం ఠాణా నుంచి పన్నెండు మైళ్ళూ బిజ్జా వీపు మీద వచ్చింది. సర్కారు సామాను మోస్తే కూలి ఉండదు, వెట్టి. బిజ్జా దాన్ని దించి భుజాలు రుద్దుకుంటుంటే రెండు తోలు పట్టీల వాతలు ఎర్రగా తేలి కనిపించాయి.

భూషణం రేకు డబ్బా తెరిచి రెండు ఇత్తడి ముక్కులు చూపించాడు. గొట్టం చివర బిగించేవి.

"ఇదిగో, ఇది సన్న ముక్కు. దీని చిల్లులో ఆవగింజ కూడా పట్టదు. మిరపకి ఇదే వాడాలి. ఇది లావు ముక్కు. మామిడిలాంటి పెద్ద చెట్లకి. మారిస్తే మందు దండగ, జాగ్రత్త."

వాడికి పని తెలియదని నేననను. బాగా తెలుసు. అందుకే నాకింత మంట.

పొగాకు కాడలు ఒక రోజు నానబెట్టి ఉడికించమన్నాడు. రెండిళ్ళలోనూ చుట్టలకని దాచుకున్న పొగాకంతా కుండల్లోకి పోయింది. మా ఆయన అప్పటినుంచి ఉత్త నోటితో తిరుగుతూ కనిపించినవాడి మీదల్లా విరుచుకుపడ్డాడు. నేను పాత చీర మడతలో ఆ కషాయం వడగట్టాను. భూషణం తాను తెచ్చిన సబ్బు తరిగి అందులో కలిపాడు. గొట్టాన్ని మొక్క మొదట్లోకి పోనిచ్చి, సన్న ముక్కును పైకి తిప్పి పట్టుకుని, బిజ్జాను పంపు కొట్టమన్నాడు. మందు పొగమంచులా లేచింది. చినుకంటూ కనపడలేదు. మొక్క లోపలంతా కమ్ముకుని ఆకు అడుగున పట్టేసింది.

బిజ్జా ఒక ఆకు తుంచి, తిప్పి, అడుగువైపు నాలికకు తాకించుకుని ఉమ్మేశాడు.

"కింద చేదున్నది అక్కా. పురుగుకు తాకుతది."

తాకింది. నాలుగో రోజుకి కొత్త చిగురు ముడత లేకుండా విప్పుకుంది. జోగీ నేనూ సాళ్ళ వెంబడి తిరిగి ఒక్కో చిగురూ తడిమి చూసుకున్నాం. ఆమె ఏదో దొర్ల పాట కూనిరాగం తీసింది. నాకు ఆ మాటలు సగమే తెలుసు, అయినా నేనూ కలిపాను.

ఆ నాలుగో రోజే భూషణం మళ్ళీ వచ్చాడు. తోట చూశాడు, పురుగు పోయిందని రిపోర్టు రాసుకున్నాడు. పిచికారి, రెండు ముక్కులు ముట్టినట్టు ఇంకో కాగితం రాసి మా ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నాడు. పిచికారి మిరప అయిపోయేదాకా మా దగ్గరే ఉంటుందన్నాడు. మేము దండాలు పెట్టాం. అదయ్యాక తాపీగా కూర్చుని సన్న ముక్కు విప్పి, లావు ముక్కు బిగించి, సన్నదాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

"ఏందయ్యా, ఆ ముక్కు తీస్కపోతన్నవ్?" అన్నాను.

"ఠాణాకి పెద్ద దొరవారు దౌరాకి, అదే తనిఖీకి, వస్తున్నారమ్మా. అక్కడి పిచికారికి సన్న ముక్కు పోయింది. దౌరా కాగానే పంపిస్తాను."

"మరి మా మిరపకు?"

"లావుది ఉందిగా. మందు ఇంకా ఎక్కువ పడుతుంది, మంచిదే."

నాలుగు రోజుల ముందు మారిస్తే దండగ అన్నది ఆ నోరే.

మా ఆయనకు లావు ముక్కు నచ్చింది, అదీ నా ఖర్మ. నీళ్ళు కట్టి బతికిన మనుషులం. నేల తడిసిందంటే పని జరిగినట్టే మాకు. లావు ముక్కుతో ఒక్క పూటలో తోటంతా తడిసింది. పెద్ద పెద్ద బొట్లు ఆకు మీద టపటపా పడి జారిపోయాయి. సాళ్ళలో కషాయం పారింది. ముక్కు పైకి తిప్పి కొడితే ధార పోయి పూత రాలింది. సన్న ముక్కుతో పది సాళ్ళకు వచ్చిన కుండ మూడు సాళ్ళకే ఖాళీ అయింది.

బిజ్జా ఆకు తిప్పి నాలిక పెట్టాడు.

"బావా, కింద చేదు లేదు."

"పైన ఉన్నది గదా?"

"పురుగు పైన లేదు గదా."

"ఏంరా, మొక్కకు తానం జేయించినట్టు తడిపితే చాలదంటవా? నీ నాలిక ఏమన్న సర్కారు రిపోర్టా?" అన్నాడు మా ఆయన. అందరం నవ్వాం. బిజ్జా కూడా నవ్వాడు.

వారం తిరగకుండా ముడత మళ్ళీ వచ్చింది. ఈసారి చిగుళ్ళు రాగిరంగుకు తిరిగాయి. బిజ్జా సన్నటి వెదురు ముక్క చెక్కి, ముల్లుతో చిల్లు చేసి లావు ముక్కులో దూర్చాడు. రెండు పోట్లు కొట్టగానే అది ఎగిరి పక్క సాల్లో పడింది. మళ్ళీ చెక్కాడు, మళ్ళీ ఎగిరింది. కుండల్లో మందు అడుగంటింది, ఇళ్ళలో పొగాకు లేదు. అప్పటికి మా ఆయన నవ్వు ఆగిపోయింది.

పుష్యం వచ్చాక ఠాణాలో దౌరా అని బిజ్జాను వెట్టికి పిలిచారు. ముక్కు అడిగి తెచ్చుకుందామని జోగీ నేనూ వాడి వెంట నడిచాం.

ఠాణా ముందు పందిరి వేసి కాగితపు జెండాలు కట్టారు. ఊరూరి పటేళ్ళు కొత్త తలపాగాలు చుట్టుకుని వరసగా కూర్చున్నారు, మా అప్పయ్య కూడా. పెద్ద దొర గుమ్మంలోకి రాగానే భూషణం చెయ్యి ఊపాడు. పందిరి గుంజ పక్కన బిజ్జా నిలబడి ఉన్నాడు. తలకు తెల్లగుడ్డ చుట్టారు, వీపుకు ఇంకో పిచికారి కట్టారు. వాడు పంపు కొట్టాడు. పన్నీరు మంచులా లేచి దొరల టోపీల మీద, పటేళ్ళ తలపాగాల మీద వాలింది. అందరూ ఆహా అన్నారు. ఆ ఇత్తడి ముక్కులో మా పొగాకు ఘాటు ఇంకా మిగిలి ఉన్నట్టుంది, పెద్ద దొర రెండుసార్లు తుమ్మాడు. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

మా మొక్కలు అక్కడ చస్తున్నాయి. మా ముక్కు ఇక్కడ తలపాగాలకు పన్నీరు చల్లుతోంది. అదీ బిజ్జా చేతనే. జోగి చెయ్యి పట్టుకుని పందిట్లోకి చొరబడి అరిచాను.

"అయ్యా భూషణం! మా ముక్కు మాకియ్యి! ఆడ మా తోట సచ్చిపోతుంటే ఈడ పన్నీరు గొడ్తన్నవా?"

జవాన్లు నన్ను భుజాలు పట్టి ఈడ్చుకుపోయి బయట వదిలారు. పెద్ద దొరకు తెలుగు రాదు, ఆడవాళ్ళు జై కొడుతున్నారని ఎవరో చెప్పారట. భూషణం చెమటలు తుడుచుకుంటూ నా వెనకే వచ్చాడు.

"పరువు తీస్తావా నువ్వు? దౌరా కాగానే పంపిస్తానన్నానుగా?"

"ఇప్పుడే ఇయ్యి."

"రేపు" అన్నాడు.

వాడి రేపు రాలేదు. ముక్కు ఏ గుడారం మడతల్లో పోయిందో, ఏ జవాను మొలతాడులో చేరిందో నాకు తెలియదు. నాకు తెలిసింది మా తోట సంగతి. పది రోజుల్లో పూతంతా రాలింది. కాసిన నాలుగు కాయలు వంకర్లు తిరిగి పిల్లల చిటికెన వేలంత కూడా లేవు. జోగి వాటిని కోసి చాటలో పోసి చాలాసేపు చూసింది, తర్వాత చాటను అలాగే మేకల ముందు పెట్టింది. మేకలు కూడా ముట్టలేదు.

పుష్యం చివర్లో ఒక పొద్దున భూషణం అప్పయ్యను వెంటబెట్టుకుని నేరుగా తోటలోకి వచ్చాడు. మా నలుగురినీ పిలిచారు. ఊళ్ళోవాళ్ళు పదిమంది పోగయ్యారు. జగదల్‌పూర్ నుంచి సామాను లెక్క అడిగారట, సన్న ముక్కు ఒకటి తక్కువ వచ్చిందట.

"రిపోర్టు ప్రకారం పురుగు పోయింది. ఆ రోజు సన్న ముక్కు ఇక్కడే వదిలి వెళ్ళాను, కాగితం మీద వేలిముద్ర ఉంది. ఇప్పుడు లేదంటే ఎవరో తీశారు. అది తీసేశారు కాబట్టే పంట పోయింది" అని భూషణం బిజ్జా వైపు చూశాడు. "ఇత్తడి కదా. వీళ్ళు కరిగించి చెవిపోగులు చేయించుకుంటారు."

బిజ్జా అప్పయ్యకు చేతులు జోడించాడు.

"నేను తియ్యలే పటేలా. ఈ బాబే తీస్కపోయిండు. ఠాణాకాడ నాతోటే దానితోటి పన్నీరు గొట్టించిండు గదా!"

భూషణం నవ్వాడు. "పన్నీరు పన్నీరుబుడ్డితో చల్లుతారు గాని పిచికారితో ఎవడైనా చల్లుతాడా?"

పోగైనవాళ్ళలో కొందరు నవ్వారు. అప్పయ్య నవ్వలేదు. ఎలా నవ్వుతాడు, ఆ పన్నీరు ఆయన తలపాగా మీద కూడా పడింది. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన చేతికర్ర వైపు చూసుకుంటూ మా ఆయనతో మాట్లాడాడు.

"ఉప్పలయ్యా, నువ్వు ముద్ర ఏసినవు గాబట్టి నిన్నే అడుగుతన్న. దొంగతనం వల్ల పంట పోతే, దొంగకే తప్ప నీకు తప్పు రాదు, నీ నేల నీకుంటది. ముక్కు మొదట్నుంచే లేదంటవా, మరి లేనిదానికి ముద్ర ఎందుకేసినవ్? అప్పుడది నీ తప్పే, రెండో పంట పోయినట్టే. ఇగ చెప్పు. ఆ బాబు పోయినంక ముక్కు ఈడ ఉండెనా, లేకుండెనా?"

మా ఆయనకు కోపమెక్కువ, నోటి దురుసు ఎక్కువ, కానీ అబద్ధాల మనిషి కాదు. లేదంటాడనే నేను అనుకున్నాను. ఆయన వంగి ఒక మిరపమొక్కను వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, మళ్ళీ కింద పెట్టాడు.

"ఉండె" అన్నాడు.

బిజ్జా "బావా" అన్నాడు. అంతే అన్నాడు.

జోగి మా ఆయన వైపు చూడనే లేదు. ఆమె నా వైపు తిరిగింది. ముక్కు జేబులో వేసుకుంటుంటే అడిగింది నేను. పందిట్లో అరిచింది నేను. ఆ పందిట్లో నా చెయ్యి పట్టుకుని నిలబడింది ఆమె. నేనిప్పుడు ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆమె భుజం మీదుగా మా నేల కనిపించింది. ఎండిన మొక్కలు కాదు, నల్లటి ఒండ్రు నేల. వచ్చే ఏడు అందులో వేరేవాళ్ళు నాటుతుంటే నేను వాళ్ళ దగ్గర కూలికి వంగి ఉండటం కనిపించింది. కొంగు పళ్ళ మధ్య బిగించుకున్నాను.

నన్నెవరూ అడగలేదు, నిజమే. మా దగ్గర ఆడదాన్ని అడిగే ఆచారం లేదు. కానీ అడగలేదని నోరు మూసుకునే మనిషినా నేను? పెద్ద దొర పందిట్లో నన్నెవరు అడిగారని అరిచాను? చెప్పడానికి ఎన్ని సాకులైనా ఉన్నాయి, అన్నిటినీ ఇన్నేళ్ళుగా నాకు నేనే చెప్పుకుని చూశాను. ఒక్కటీ నిలబడదు.

అప్పయ్య తీర్పు చెప్పాడు. బిజ్జా వాటా పోయింది. అది పక్కనే ఉన్న ఉప్పలయ్య చూసుకుంటాడన్నాడు. భూషణం ఇంకో కాగితం తీసి మా ఆయన బొటనవేలికి సిరా రాశాడు. పిచికారిని ఠాణాకు తిరిగి చేర్చాలి కదా, దాన్ని మోయడానికి బిజ్జానే రమ్మన్నాడు. దొంగ అన్న మనిషి వీపుకే మళ్ళీ సర్కారు సామాను కట్టి, గొడుగు విప్పుకుని ముందు నడిచాడు. బిజ్జా వెనకాల నడిచాడు.

మూడో రోజు వాళ్ళు ఏరు దాటి జోగి పుట్టినూరికి బయల్దేరారు. నేను ఉండబట్టలేక వెళ్ళాను. గుడిసె ముందు జోగి కుండలు గంపలో సర్దుతోంది. నాకు ఏం చెప్పాలో తెలియక భూషణాన్ని తిట్టడం మొదలుపెట్టాను. వాడి నోట్లో మన్ను పడ, వాడి కాళ్ళు విరగ, వాడు దిక్కులేని చావు చావ అంటూ నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. జోగి ఒక కుండలో గడ్డి కుక్కింది, ఇంకో కుండలో కుక్కింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తలెత్తింది.

"వాన్ని తిడతవేంది అక్కా" అంది. "వాడు మా మనిషి గాదు."

గంప ఎత్తడానికి నేను చెయ్యి వేయబోతే, ఆమె బిజ్జాను పిలిచి ఎత్తించుకుంది.

నేను ఇంటికి పోకుండా జావ కుండ తీసుకుని తోటకు వెళ్ళాను. ఎవరి మీద విరుచుకుపడాలో నిర్ణయించుకునే వెళ్ళాను. అబద్ధం ఎందుకు చెప్పినవని అడగాలి, నీ బొటనవేలు కోసెయ్యాలని అనాలి, దారంతా అవే మాటలు కూడబెట్టుకున్నాను. మా ఆయన రెండు వాటాల్లోనూ ఎండిన మొక్కలు పీకి కుప్పలు వేస్తున్నాడు. నన్ను చూసి వచ్చి కూర్చున్నాడు, చేతులు కడుక్కున్నాడు. నేను గిన్నెలో జావ పోశాను. ఆయన రెండు గుక్కలు తాగి నా వైపు చూశాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ ముఖంలో చిరాకు లేదు.

"పటేలు అడిగినప్పుడు నాకు నీ భయమే పట్టుకున్నది సోమీ. ఏడ నోరు తెరుస్తవోనని పానం గిలగిలలాడింది. తెరవలే." గిన్నె నా ముందుకు జరిపాడు. "మంచి పని జేసినవ్."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో మా ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. గరిటె తీసుకుని ఆయన గిన్నెలో ఇంకాస్త జావ పోశాను.